పరీక్షితులు, యాత్రికులు: అంతరిక్ష వైద్యచరిత్రలో గాలడెట్ బధిరులు

వ్యాససంగ్రహం:

1950ల చివరి నుండి దాదాపు ఒక దశాబ్దం పాటు అమెరికా నౌకాదళ విమానవైద్య పాఠశాల, నాసాతో కలిసి, గాలడెట్ కళాశాలకు చెందిన పదకొండు మంది బధిరులపై గతి, భ్రమణ, భారరహిత స్థితులకు సంబంధించిన ప్రయోగాలు జరిపింది. మానవ శరీరం అంతరిక్షంలో ఎలా స్పందిస్తుందన్న జ్ఞానానికి ఈ ప్రయోగాలు ఒక ముఖ్యమైన ఆధారం. అయితే ఆ జ్ఞానాన్ని అందించిన వ్యక్తులు వ్యోమగాముల ఎంపికలో ఎన్నడూ పరిశీలనకు రాలేదు. పరీక్షకు పనికివచ్చిన శరీరం ప్రయాణానికి ఎందుకు పనికిరాలేదన్న ప్రశ్నను చారిత్రక ఆధారాలతో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. వ్యోమగామి అర్హత అనేది శరీరధర్మశాస్త్రం నుండి నేరుగా పుట్టినది కాదనీ, యంత్రాల నిర్మాణం, సైనిక వ్యవస్థ, సంస్థల అలవాట్లు కలిసి రూపొందించినదనీ ఇందులో ప్రతిపాదించడమైనది.

కీలకపదాలు: అంతరిక్ష వైద్యం, బధిరులు, గాలడెట్, అంతరచెవి, గతి వికారం, వైకల్య అధ్యయనం, వ్యోమగాముల ఎంపిక.

ఉపోద్ఘాతం:

1961 ఆగస్టు 6న వోస్తోక్-2 నౌకలో బయలుదేరిన సోవియట్ వ్యోమగామి ఘెర్మన్ టిటోవ్ 25 గంటలకు పైగా అంతరిక్షంలో ఉండి, భూమిని 17 సార్లు చుట్టివచ్చాడు. అప్పటికి అతనికి 26 ఏళ్లు నిండలేదు. యుద్ధవిమాన చోదకుడు. కఠినమైన వైద్యపరీక్షలన్నింటిలోను నెగ్గినవాడు. అయినా కక్ష్యలో అతడు తలతిప్పుతో, వికారంతో బాధపడ్డాడు. అంతరిక్షంలో గతి వికారానికి లోనైన మొదటి మనిషిగా చరిత్రలో అతని పేరు నిలిచింది. భూమి మీద అత్యంత ఆరోగ్యవంతుడని నిర్ణయింపబడిన మనిషి అక్కడ అస్వస్థుడు కావచ్చునన్న సంగతి ఆ ప్రయాణంతో స్పష్టమైంది.

సరిగ్గా ఆ కాలంలోనే అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రపు పెన్సకోలా నగరంలో, ఎంత తిప్పినా, ఎంత ఊపినా తల తిరగని మనుషులు కొందరు ఒక ప్రయోగశాలకు వచ్చి వెళ్తూ ఉన్నారు. వారు చోదకులు కారు, సైనికులు కారు. వారంతా బధిరులు. వాషింగ్టన్ నగరంలోని గాలడెట్ కళాశాలకు చెందినవారు. తరువాతి కాలంలో వీరిని 'గాలడెట్ పదకొండుగురు' అని వ్యవహరించారు.

అంతరిక్షయానం వైకల్యం గల వ్యక్తులకు అందుబాటులోకి రావాలన్న చర్చ ఈనాడు సాధారణంగా 2021 ప్రాంతంలో మొదలైనట్లు కనబడుతుంది. ఐరోపా అంతరిక్ష సంస్థ ప్రకటన, ప్రైవేటు నౌకల రాక ఇందుకు కారణాలు. ఆ చర్చకు అరవై ఏళ్ల పూర్వరంగం ఉన్నదనీ, ఆ పూర్వరంగాన్ని విస్మరిస్తే అసలు ప్రశ్న తారుమారవుతుందనీ ఈ వ్యాసకర్త భావన. వైకల్యం గల వారిని అంతరిక్షంలోకి 'అనుమతించవచ్చునా' అని నేడు అడుగుతున్నాం. కాని అంతరిక్షాన్ని గురించి మనకు తెలిసిన దానిలో కొంత భాగం వారి శరీరాల ద్వారానే తెలిసింది.

పరిభాష విషయంలో ఒక మాట. తెలుగులో 'వికలాంగులు' అన్న మాట హక్కుల ఉద్యమాల్లో, ప్రభుత్వ పత్రాల్లో చాలాకాలం నిలిచింది. 2015 తరువాత 'దివ్యాంగులు' ప్రచారంలోకి వచ్చింది. శరీరానికి దివ్యత్వాన్ని ఆపాదించే ఈ రెండవ మాట పట్ల హక్కుల కార్యకర్తలలో చాలామందికి అభ్యంతరం ఉన్నది. ఈ వ్యాసంలో 'వైకల్యం గల వ్యక్తులు' అన్న ప్రయోగాన్ని, వినికిడి లేని వారి విషయంలో 'బధిరులు' అన్న మాటను వాడుతున్నాను. ప్రయోగాలకు తమ శరీరాన్ని ఇచ్చిన వారిని 'పరీక్షితులు' అని వ్యవహరిస్తున్నాను.

అంతరచెవి - విలియం జేమ్స్ పరిశీలన:

బధిరత్వానికి, తల తిరగకపోవడానికి గల సంబంధం అంతరిక్ష యుగంలో కనుగొన్నది కాదు. మనిషి అంతరచెవిలో వినికిడికి సంబంధించిన కర్ణావర్తం, సమతాస్థితికి సంబంధించిన పేటిక, మూడు అర్ధవర్తుల కుల్యలు ఒకదాని పక్కన ఒకటి ఉంటాయి. కుల్యల్లో ద్రవం ఉంటుంది. తల తిరిగినప్పుడు ఆ ద్రవం వెనుకబడి, అక్కడి సూక్ష్మ రోమకణాలను వంచుతుంది. ఆ సంకేతం మెదడుకు చేరుతుంది. ఒప్పులకుప్ప ఆడిన పిల్లలు ఆగిన తరువాత కూడా నేల తిరుగుతున్నదని తూలిపోవడానికి కారణం ఇదే. శరీరం ఆగినా కుల్యల్లోని ద్రవం వెంటనే ఆగదు.

19వ శతాబ్ది తొలి పాదంలో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఫ్లూరెన్స్ పావురాల్లో ఈ కుల్యలను ఛేదించి, అవి తలపై, దేహంపై అదుపు కోల్పోవడాన్ని గమనించాడు. అయినా ఆ శతాబ్ది చివరి వరకు కుల్యలు వినికిడికి చెందినవా, మరొక ఇంద్రియానికి చెందినవా అన్న వాదం సాగుతూనే ఉన్నది. ఈ వాదంలోకి అమెరికన్ తాత్త్వికుడు, మనస్తత్వవేత్త విలియం జేమ్స్ ఒక సరళమైన ఊహతో ప్రవేశించాడు. కుల్యలే భ్రమణజ్ఞానానికి మూలమైతే, అంతరచెవి మొత్తంగా దెబ్బతిన్న బధిరులలో చాలామందికి తల తిరగకూడదు. 1882లో ప్రచురించిన వ్యాసంలో అతడు 519 మంది బధిరుల వివరాలను అందించాడు. గిరగిర తిప్పినప్పుడు వారిలో 186 మందికి ఏమాత్రం తల తిరగలేదు. 134 మందికి స్వల్పంగా తిరిగింది. తక్కిన 199 మందికి అందరిలాగే తిరిగింది. పోలిక కోసం హార్వర్డ్‌లో దాదాపు 200 మంది విద్యార్థులను, అధ్యాపకులను పరీక్షిస్తే, తల తిరగనివాడు ఒక్కడే కనిపించాడు.

ఇక్కడ రెండు విషయాలు గమనింపదగినవి. జేమ్స్ ఈ వివరాలను బధిర పాఠశాలల సహాయంతో సేకరించాడు. అంటే బధిరుల సమూహాన్ని ఒక శాస్త్రీయ వనరుగా చూడడం అప్పటికే మొదలైంది. రెండవది, వీరు సముద్రయాన వికారానికి కూడా అతీతులై ఉండవచ్చునని అతడు సూచించాడు. అదే సమయంలో దీని మరో పార్శ్వాన్ని కూడా నమోదు చేశాడు. నీటిలో మునిగినప్పుడు కొందరు బధిరులు పైవైపు ఏదో, కిందివైపు ఏదో తెలియక భయభ్రాంతులయ్యారు. కన్ను, పాదం ఆధారమివ్వని చోట వారికి దిక్కు తెలిపే మూడవ ఇంద్రియం లేదు. ఈ అంశాన్ని తరువాతి ప్రశంసాత్మక కథనాలు తరచు వదిలివేస్తాయి. బధిరులను అతీతశక్తి గలవారుగా చిత్రించడం కూడా ఒక రకమైన అపార్థమే.

ఆ తరువాత వియన్నా వైద్యుడు రాబర్ట్ బారనీ చెవిలోకి చల్లని, వెచ్చని నీటిని పంపి, కనుగుడ్ల కదలికను బట్టి కుల్యల పనితీరును తెలుసుకునే పరీక్షను రూపొందించాడు. 1914 సంవత్సరపు నోబెల్ బహుమతి అతనికి దక్కింది. దీనితో ఎవరి పేటిక పనిచేస్తున్నదో, ఎవరిది పనిచేయడం లేదో తేల్చి చెప్పగల సాధనం వైద్యులకు లభించింది.

పెన్సకోలాలో ప్రయోగాలు:

గాలడెట్ కళాశాల ఈ కథలోకి రావడం యాదృచ్ఛికం కాదు. 1864లో అధ్యక్షుడు లింకన్ సంతకంతో పట్టాలిచ్చే అధికారం పొందిన ఈ సంస్థ బధిరుల ఉన్నతవిద్యకు కేంద్రం. ఒకేచోట, చదువుకున్న, ఆరోగ్యవంతులైన, సూచనలను కచ్చితంగా పాటించి తమ అనుభవాన్ని వివరించగల బధిరులు దొరికే ప్రదేశం అది. నౌకాదళ విమానవైద్య పాఠశాలలో పరిశోధనలకు నాయకత్వం వహించిన ఆష్టన్ గ్రేబీల్ వృత్తిరీత్యా హృద్రోగ నిపుణుడు. చోదకులకు గాలిలో కలిగే దిగ్భ్రమ మీద అతడు కృషి చేశాడు. కుల్యలు పనిచేసే మనుషుల్లో వికారం ఎలా పుడుతుందో తెలియాలంటే, అవి పనిచేయని మనుషులతో పోల్చక తప్పదు. ఈ పోలికకే పదకొండు మంది బధిరులు ఎంపికయ్యారు.

వారు హెరాల్డ్ డోమిక్, రాబర్ట్ గ్రీన్‌మన్, బారన్ గులాక్, రేమండ్ హార్పర్, జెరాల్డ్ జోర్డన్, హ్యారీ లార్సన్, డేవిడ్ మైయర్స్, డోనాల్డ్ పీటర్సన్, రేమండ్ పైపర్, ఆల్విన్ స్టీల్, జాన్ జకుట్నీ. వయస్సు 25 నుండి 48 ఏళ్ల మధ్య. ఒక్కరు తప్ప తక్కినవారంతా బాల్యంలో మెదడు పొరల వాపు వ్యాధి, అంటే మెనింజైటిస్ సోకి వినికిడి కోల్పోయినవారు. ఆ వ్యాధి కర్ణావర్తంతో పాటు పేటికను, కుల్యలను కూడా నాశనం చేసింది. పుట్టుకతో వచ్చే బధిరత్వంలో చాలాసార్లు సమతాస్థితి అవయవం చెక్కుచెదరదు. కనుక బధిరులందరూ ఈ ప్రయోగాలకు తగినవారు కారు; ఒక ప్రత్యేకమైన వ్యాధిచరిత్ర గలవారే తగినవారు.

ప్రయోగాలలో అన్నింటికంటె దీర్ఘమైనది భ్రమణగదిలో నివాసం. నలుగురు పరీక్షితులు 20 అడుగుల గదిలో 12 రోజులు ఎడతెగకుండా గడిపారు. ఆ గది నిమిషానికి పది సార్లు తిరుగుతూనే ఉండేది. తినడం, నిద్రించడం, నడవడం అన్నీ తిరుగుతూనే. ఇటువంటి గదిలో కదలకుండా కూర్చున్నవాడికి కొంతసేపటికి తిరుగుతున్న భావమే పోతుంది. తలను పక్కకు వంచిన క్షణంలో ప్రమాదం వస్తుంది. రెండు భ్రమణాలు కలిసి కుల్యలకు లేని గతిని ఉన్నట్లు చూపుతాయి. కన్ను ఒకటి చెప్తుంది, చెవి మరొకటి చెప్తుంది. సాధారణ మానవుడికి చెమట, పాలిపోవడం, వాంతి వరుసగా వస్తాయి. నిమిషానికి ఒకసారి తిరిగితే ఎవరికీ పెద్దగా బాధ ఉండదు. వేగం పెరిగిన కొద్దీ తట్టుకునేవారి సంఖ్య తగ్గుతుంది. పది భ్రమణాల వద్ద, క్రమంగా అలవాటు చేస్తే తప్ప, గట్టివారు కూడా నిలవలేరు. బధిర పరీక్షితులకు ఈ సంకటమే కలగలేదు.

ఇంత శ్రమ ఎందుకన్నది నేటి పాఠకుడికి వెంటనే తోచకపోవచ్చు. 1952లో వెర్నర్ ఫాన్ బ్రాన్ ఒక అమెరికన్ వారపత్రికలో చక్రాకారపు అంతరిక్ష కేంద్రాన్ని ఊహించాడు. చక్రం తిరుగుతూ ఉంటే అంచున ఉన్నవారికి కృత్రిమ గురుత్వం లభిస్తుంది. 1950ల చివరలో భవిష్యత్తు అలాగే ఉంటుందని చాలామంది నమ్మారు. అయితే ఆ చక్రం ఎంత వేగంగా తిరగవచ్చు? చిన్న చక్రం వేగంగా తిరగాలి, పెద్ద చక్రం నెమ్మదిగా తిరగవచ్చు. పెద్దదానికి ఖర్చు ఎక్కువ. కాబట్టి మనిషి అంతరచెవి ఎంతవరకు ఓర్చుకోగలదన్న దానిపై ఒక భారీ యంత్రం కొలతలు ఆధారపడి ఉన్నాయి. ఆ ఓర్పు చెవికి సంబంధించినదేనని నిరూపించడానికి బధిరులు కావలసి వచ్చింది.

విమానం పైకి ఎగసి, వంపు తిరిగి దిగేటప్పుడు కొన్ని సెకన్లపాటు భారరహిత స్థితి కలుగుతుంది. లోపలివారిని వాంతులపాలు చేయడంలో పేరుపడిన అటువంటి విమానాల్లో కూడా వీరిని తీసుకువెళ్లి, దేహస్థితిని గురుత్వ సూచనలు లేకుండా ఎలా గుర్తిస్తారో పరిశీలించారు. కెనడాలోని నోవా స్కోషియా తీరంలో జరిగిన నౌకాప్రయోగం ఈ చరిత్రలో అందరూ చెప్పుకునే ఘట్టం. అల్లకల్లోలంగా ఉన్న సముద్రంలో పరీక్షితులు పేకాట ఆడుకుంటూ, కబుర్లు చెప్పుకుంటూ కూర్చున్నారు. వారిని పరిశీలించవలసిన పరిశోధకులు మాత్రం వికారంతో కుప్పకూలారు. చివరకు ప్రయోగాన్నే రద్దు చేయవలసి వచ్చింది. దీనిని హాస్యంగా చెప్పుకోవడం సహజమే. కాని సాక్ష్యంగా చదివితే, ఎవరి శరీరం 'సాధారణం' అన్నది ఆ రోజు ఆ నౌకలో తలక్రిందులైంది.

పరీక్షితుల దృష్టి ఎలా ఉన్నది? అర్ధశతాబ్దం తరువాత వారిలో కొందరు చెప్పిన జ్ఞాపకాలు లభిస్తున్నాయి. తమలోని తేడా వారికి అవసరమైన తేడా అయిందని హ్యారీ లార్సన్ భావించాడు. వెనక్కి తిరిగి చూస్తే భయం గొలిపే పనులేననీ, అయితే అప్పుడు యువకులమై సాహసం మీద మోజుతో ఉన్నామనీ బారన్ గులాక్ అభిప్రాయపడ్డాడు. ఈ మాటల్లో ఫిర్యాదు లేదు, గర్వం ఉన్నది. వారిని కేవలం శాస్త్రానికి బలైనవారుగా చిత్రించడానికి ఈ ఆధారాలు అనుమతించవు. వారు స్వచ్ఛందంగా వచ్చారు, తాము చేస్తున్నది దేశానికి అవసరమని నమ్మారు. అయితే పాల్గొన్నవారి సంతృప్తి సంస్థ వేసుకోని ప్రశ్నకు సమాధానం కాజాలదు.

'లోపం' అన్న పేరు:

పెన్సకోలా పరిశోధన పత్రాల్లో ఈ పరీక్షితులకు స్థిరపడిన పేరు 'లాబిరింథైన్ డిఫెక్టివ్'. సంక్షిప్తంగా ఎల్-డి. తెలుగులో చెప్పాలంటే 'అంతరకర్ణ లోపితులు'. పోల్చవలసిన రెండవ వర్గానికి 'నార్మల్' అని పేరు. పట్టికల్లో నార్మల్ వర్గం వాంతి చేసుకుంటుంది, లోపిత వర్గం నిశ్చలంగా ఉంటుంది. అయినా వర్గాల పేర్లు మారలేదు. ఇది పరిశోధకుల దురుద్దేశం కాదు. వైద్యభాష పనిచేసే తీరు అటువంటిది. ఒక అవయవం పనిచేయకపోతే అది లోపం. ఆ లోపం ఏ పరిసరంలో ఏమవుతుందన్నది ఆ భాష పట్టించుకోదు.

న్యాయంగా చెప్పాలంటే, ఆ లోపం లోపంగానే నిలిచిన పరీక్షలు కూడా అదే ప్రయోగశాలలో ఉన్నాయి. కళ్లు మూసుకుని, ఒక పాదం మడమను మరొక పాదం వేళ్లకు ఆనించి నిలబడడంలో బధిర పరీక్షితులు సాధారణ వర్గంతో పోటీపడలేకపోయారు. చీకటిలో ఎగుడుదిగుడు నేలమీద నడవడం వారికి కష్టమే. బాల్యం నుండి వారు కన్నుతో, కండరాలతో, పాదాల స్పర్శతో సమతాస్థితిని నిలుపుకోవడం నేర్చుకున్నారు. వైద్యపత్రాలు కొలిచింది లేని అవయవాన్ని. దాని స్థానంలో ఇరవై ముప్పై ఏళ్ల సాధనతో వారు నిర్మించుకున్న నైపుణ్యం అంతగా దృష్టికి రాలేదు. భారరహిత స్థితిలోకి వెళ్లిన ప్రతి వ్యోమగామి మొదటి రెండు మూడు రోజుల్లో నేర్చుకోవలసింది సరిగ్గా ఆ నైపుణ్యమే: చెవి చెప్పేదాన్ని పక్కనపెట్టి కంటిని నమ్మడం.

1976లో బ్రిటన్‌కు చెందిన వైకల్య హక్కుల కార్యకర్తలు శరీర లోపానికి, సమాజం కల్పించే వైకల్యానికి మధ్య గీత గీశారు. 1980లలో మైక్ ఆలివర్ దానికి 'సామాజిక నమూనా' అన్న పేరు స్థిరపరచాడు. గాలడెట్‌లోనే పనిచేసిన బామన్, మరే అన్న పండితులు మరొక అడుగు వేసి, బధిరత్వాన్ని నష్టంగా కాక లాభంగా చూసే 'డెఫ్ గెయిన్' అన్న భావనను ప్రతిపాదించారు. ఈ సిద్ధాంతాలేవీ గ్రేబీల్ కాలానికి లేవు. కాని వాటికి అవసరమైన దృష్టాంతం మాత్రం అతని పట్టికల్లో అప్పటికే ఉన్నది.

యంత్రం కొలిచిన మనిషి:

ఇక ఎంపిక సంగతి. 1959లో నాసా మొదటి వ్యోమగాములను ఎంచుకున్నప్పుడు నియమాలు ఇవి: వయస్సు 40 లోపు, ఎత్తు 5 అడుగుల 11 అంగుళాల లోపు, పట్టభద్రత లేదా దానికి సమానమైన విద్య, పరీక్షాచోదకుల పాఠశాలలో శిక్షణ, 1500 గంటల విమానచోదన. అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ పరీక్షాచోదకులకే పరిమితం చేయాలని నిర్ణయించడంతో, 508 మంది సైనికాధికారుల రికార్డులు పరిశీలించి, ప్రాథమిక అర్హత గల 110 మందిని గుర్తించి, చివరికి ఏడుగురిని ఎంపిక చేశారు.

ఈ నియమాలలో ఎత్తు పరిమితి నన్ను ప్రత్యేకంగా ఆకర్షిస్తుంది. ఆరడుగుల మనిషికి ఏ రోగమూ లేదు. మెర్క్యురీ నౌక ఇరుకైనది, అంతే. అంటే ఆ ఒక్క నియమంలో నౌక కొలతే మనిషి అనర్హతగా మారింది. దీనిని ఎవరూ శారీరక లోపమని అనలేదు, ఎందుకంటే కారణం యంత్రంలో ఉన్నదని అందరికీ తెలుసు. వినికిడి విషయంలో మాత్రం కారణం మనిషిలోనే ఉన్నట్లు భావించారు. భూకేంద్రంతో సంభాషణ కంఠధ్వని మీద నడిచే వ్యవస్థను నిర్మించినవారు కూడా ఇంజనీర్లే కదా. స్త్రీల విషయం దీనికి సమీపంలో ఉన్నది. 1960-61లో 13 మంది మహిళా చోదకులు లవ్‌లేస్ వైద్యకేంద్రంలో మెర్క్యురీ వ్యోమగాములకు జరిపిన పరీక్షలలో నెగ్గారు. సైనిక పరీక్షాచోదక పాఠశాలల్లో స్త్రీలకు ప్రవేశం లేనందున వారు అనర్హులయ్యారు. 1962లో అమెరికా ప్రతినిధుల సభ ఉపసంఘం దీనిపై విచారణ జరిపింది. గాలడెట్ వారికోసం అటువంటి విచారణ ఏదీ జరగలేదు; ఎవరూ అడగలేదు.

ఎంపికైన ఏడుగురిలోనే ఇద్దరి కథ ఈ సందర్భంలో చెప్పక తప్పదు. డీక్ స్లేటన్ గుండె లయలో తేడా కారణంగా 1962లో ప్రయాణానికి దూరమయ్యాడు. పదేళ్ల తరువాత తిరిగి అర్హత పొంది, 1975 జూలైలో అపోలో-సోయుజ్ యాత్రలో పాల్గొన్నాడు. అప్పటికి అతనికి 51 ఏళ్లు. రెండవవాడు అలన్ షెపర్డ్. 1961 మే 5న అంతరిక్షంలోకి వెళ్లిన తొలి అమెరికన్ అతడే. కొద్ది కాలానికే మెనియర్ వ్యాధి సోకింది. ఇది అంతరచెవి వ్యాధి. అక్కడి ద్రవపీడనం పెరిగి, హఠాత్తుగా తీవ్రంగా తల తిరగడం, చెవిలో హోరు, వినికిడి మందగించడం దీని లక్షణాలు. షెపర్డ్ ప్రయాణాలకు దూరమై వ్యోమగాముల కార్యాలయానికి అధిపతిగా పనిచేశాడు. లాస్ ఏంజెల్స్‌లో మారుపేరుతో ఆసుపత్రిలో చేరి, అప్పటికి ఇంకా కొత్తదైన శస్త్రచికిత్స చేయించుకున్నాడు. 1969లో అర్హత తిరిగి లభించింది. 1971లో అపోలో-14 నాయకుడిగా చంద్రుడి మీద నడిచాడు.

ఒకే అవయవం, ఒకే దశాబ్దం. షెపర్డ్ అంతరచెవి పనిచేసి బాధించింది. గాలడెట్ వారి అంతరచెవి పనిచేయక బాధించలేదు. తల తిరగడం అన్న ఒక్క ప్రమాణంతో చూస్తే ఎవరు తగినవారో చెప్పనక్కరలేదు. షెపర్డ్ అసాధారణ చోదకుడు, అతని కోసం ఎదురుచూడడంలో తప్పు లేదు. చెప్పదలచినది ఒక్కటే: ఒక సంస్థ తనవాడనుకున్న మనిషి శరీరంలో సమస్య వస్తే దానిని తాత్కాలికంగా చూసింది, చికిత్సకు అవకాశమిచ్చింది, చోటు పదిలపరచింది. తనవారు కాని మనుషుల శరీరాన్ని శాశ్వతమైన వర్గంగా చూసింది.

అంతరిక్షం కల్పించే వైకల్యం:

మెర్క్యురీ, జెమినీ నౌకలు ఇరుకుగా ఉండడం వల్ల వ్యోమగాములకు తల తిప్పే అవకాశమే తక్కువ. వికారం కూడా అంతగా బయటపడలేదు. అపోలో నౌకలో కదలడానికి చోటు వచ్చింది. 1968 డిసెంబరులో అపోలో-8లో ఫ్రాంక్ బోర్మన్ వాంతులతో బాధపడ్డాడు. 1969 మార్చిలో అపోలో-9లో రస్టీ ష్వైకర్ట్ అస్వస్థత వల్ల నౌక వెలుపలి నడక కార్యక్రమాన్ని కుదించవలసి వచ్చింది. చంద్రయాత్రకు అవసరమైన దుస్తుల పరీక్ష అది. పెన్సకోలా ప్రశ్నలు మళ్లీ ముందుకు వచ్చాయి. 1973-74లో గ్రేబీల్ బృందం స్కైలాబ్ కేంద్రానికి భ్రమణకుర్చీని పంపి పరీక్షలు నిర్వహించింది. కక్ష్యలో వారం రోజులు గడిచి అలవాటు పడిన వ్యోమగాములు ఆ కుర్చీలో ఎన్నిసార్లు తల వంచినా వికారానికి లోను కాలేదు. 1984 ఏప్రిల్‌లో సల్యూత్-7కు వెళ్లిన మన రాకేశ్ శర్మ యోగాసనాలపై చేసిన ప్రయోగం కూడా భారరహిత స్థితి ప్రభావాలను ఎదుర్కొనే ఇటువంటి అన్వేషణలో భాగమే. స్పేస్ షటిల్ కాలానికి లెక్క తేలింది: తొలిసారి వెళ్లినవారిలో సుమారు మూడింట రెండు వంతుల మంది గతి వికారానికి లోనయ్యారు.

దీర్ఘయాత్రల్లో ఇతర మార్పులు కూడా తోడవుతాయి. ఎముకలు నెలకు ఒక శాతానికి పైగా సాంద్రత కోల్పోతాయి. కంటి వెనుక భాగం వాచి కొందరికి చూపు మారుతుంది. ఆ సంభావ్యతను ఊహించి ముందుగానే కళ్లద్దాలు వెంట పంపుతారు. తిరిగి వచ్చిన ఆరోగ్యవంతులను సోయుజ్ గుళిక నుండి చేతుల మీద దించి కుర్చీల్లో కూర్చోబెట్టే దృశ్యం అందరూ చూసినదే. అక్కడికి వెళ్లే ప్రతి శరీరానికి సాధనాల సహాయం కావాలి. ఆ సహాయాన్ని అందరికీ అవసరమని నిర్మిస్తే అది ఇంజనీరింగ్ అవుతుంది. కొందరికే అవసరమని అడిగితే మినహాయింపు అవుతుంది.

తలుపు కొంత తెరచుకున్న కాలం:

2021 జూలైలో వర్జిన్ గెలాక్టిక్ నౌకలో ప్రయాణించిన బండ్ల శిరీషను తెలుగువారు సంతోషంగా గుర్తుంచుకున్నారు. కంటిచూపు సరిగా లేనందువల్ల చోదకురాలిగా నాసా వ్యోమగామి అయ్యే మార్గం తనకు మూసుకుపోయిందని ఆమె స్వయంగా చెప్పిన సంగతి మాత్రం మన పత్రికల ఉత్సాహంలో వెనుకబడింది. అదే ఏడాది సెప్టెంబరులో, బాల్యంలో ఎముక క్యాన్సర్‌కు చికిత్స పొంది కాలిలో కృత్రిమ ఎముకను అమర్చుకున్న హేలీ ఆర్సెనో మూడు రోజులు భూకక్ష్యలో గడిపింది. 1959 నాటి నియమాల్లో ఆమెకు చోటు లేదు.

ఐరోపా అంతరిక్ష సంస్థ 2021 ప్రకటనలో వైకల్యం గల అభ్యర్థులను ప్రత్యేకంగా ఆహ్వానించింది. 257 మంది దరఖాస్తు చేసుకున్నారు. 2022 నవంబరు 23న ఎంపిక ఫలితాల్లో జాన్ మెక్‌ఫాల్ పేరు వెలువడింది. 19వ ఏట మోటారుసైకిలు ప్రమాదంలో కుడికాలు కోల్పోయిన ఇతడు 2008 బీజింగ్ పారాలింపిక్స్‌లో 100 మీటర్ల పరుగులో కాంస్యం గెలిచాడు, తరువాత ఎముకల శస్త్రవైద్యుడయ్యాడు. కృత్రిమ కాలు భారరహిత స్థితిలో ఎలా ప్రవర్తిస్తుంది, అత్యవసర పరిస్థితిలో నౌక విడిచి రావడం ఎలా, రైలింగుల కింద పాదం దూర్చి నిలదొక్కుకునే వ్యోమగామి అలవాటుకు ప్రత్యామ్నాయమేమిటి అన్నవి అతనితో జరిపిన అధ్యయనంలోని ప్రశ్నలు. 2025 ఫిబ్రవరిలో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో దీర్ఘకాల నివాసానికి అతనికి వైద్యపరమైన అర్హత లభించింది. అదే ఏడాది డిసెంబరులో చక్రాల కుర్చీ వాడే జర్మన్ ఇంజనీరు మిఖాయేలా బెంటౌస్ బ్లూ ఆరిజిన్ నౌకలో అంతరిక్షపు అంచును దాటింది.

ఐరోపా ప్రకటనలోని పరిధిని కూడా చూడాలి. కాలికి సంబంధించిన లోపాలు, కాళ్ల పొడవులో తేడా, 130 సెంటీమీటర్ల లోపు ఎత్తు మాత్రమే అందులో ఉన్నాయి. వినికిడి, దృష్టి లోపాలు లేవు. అంతరిక్షం కోసం అందరికంటె ముందు పరీక్షింపబడిన శరీరాలు తొలి తలుపు తెరచుకున్నప్పుడు కూడా బయటే ఉన్నాయి. మనదేశంలో 2016 నాటి హక్కుల చట్టం వైకల్యాల జాబితాను 7 నుండి 21కి పెంచింది. గగన్‌యాన్‌కు ఎంపికైన నలుగురూ వాయుసేన పరీక్షాచోదకులు. తొలి యాత్రకు ఇది అర్థం చేసుకోదగిన నిర్ణయమే. అయితే 1959 నాటి అమెరికన్ నియమం మనవద్దకు చర్చ లేకుండా చేరిందన్నది గుర్తించాలి.

బధిరుల సంగతి వేరొక దారిలో ముందుకు సాగింది. 2010లో ట్రేసీ కాల్డ్‌వెల్ డైసన్ అంతరిక్ష కేంద్రం నుండి అమెరికన్ సంజ్ఞాభాషలో సందేశం పంపింది. ఆమె వినగల వ్యక్తి. భాష మాత్రం బధిరులది. 2017లో గాలడెట్ విశ్వవిద్యాలయం తన ప్రదర్శనశాలలో పదకొండుగురి చరిత్రను ప్రజల ముందుంచింది. 2021 అక్టోబరు 17న ఆస్ట్రో యాక్సెస్ అనే సంస్థ కాలిఫోర్నియాలోని లాంగ్ బీచ్ నుండి 12 మంది వైకల్యం గల వ్యక్తులను భారరహిత విమానయానానికి తీసుకువెళ్లింది. వారిలో బధిరులు ఉన్నారు. గురుత్వం ఎప్పుడు తగ్గుతుందో, ఎప్పుడు తిరిగి వస్తుందో ఇటువంటి విమానాల్లో కంఠధ్వనితో ప్రకటిస్తారు. ఈసారి దానికి తోడుగా దీపాల సంకేతాలను అమర్చి, అవి సరిపోతాయో లేదో బధిర ప్రయాణికుల చేత నిర్ధారింపజేశారు. అరవై ఏళ్ల క్రితం పెన్సకోలా వారు ఎక్కిన విమానం లాంటిదే అది. ఈసారి పరీక్షకు నిలిచినది విమానంలోని దీపాలు.